ఒట్టు తీసి గట్టు మీద పెట్టు

ప్రశ్న: సార్, నేను ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మాది ప్రకాశం జిల్లా. పేరు వేయకండి. నా ఫ్రెండ్ ఒకడు టెన్త్ అయ్యాక సెలవుల్లో సిగరెట్ మొదలుపెట్టాడు. ఇప్పుడు రోజుకి ఆరేడు తాగుతున్నాడు. పోయిన నెల క్రికెట్లో రెండు ఓవర్లు వేసేసరికి ఆయాసం వచ్చి బౌండరీ దగ్గర కూలబడ్డాడు. ఆ రోజే "మానేస్తాన్రా, నువ్వు కాస్త హెల్ప్ చెయ్యి" అన్నాడు. వాళ్ళమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. వాడూ, మా బ్యాచ్‌లో తాగే ఇంకో ఇద్దరూ కలిసి కొన్న ప్యాకెట్ లాక్కుని నా బ్యాగులో దాచాను. నాలుగు రోజులు తాగలేదు. ఐదో రోజు సాయంత్రం బస్టాండు దగ్గర బడ్డీకొట్టు వెనకాల ఆ ఇద్దరితో కలిసి తాగుతూ నాకు దొరికాడు. అక్కడే తిట్టిపారేశాను. వారం నుంచి మాటల్లేవు. వాళ్ళ నాన్నకి చెప్పేద్దామా అనుకుంటున్నాను. చెబితే చావగొడతారు, చదువు మాన్పించినా మాన్పిస్తారు. పైగా వాళ్ళు పొగాకు వేస్తారు. ఆ డబ్బుతోనే వాడి ఫీజు కడుతున్నారు. "మా ఇంట్లో అన్నం పెట్టేదే పొగాకు, నువ్వు నాకు చెప్పేదేంటి" అని ఎదురు తిరిగాడు. నేనెప్పుడూ సిగరెట్ ముట్టలేదు. వాడి బాధ నాకెలా అర్థమవుతుంది? ఇప్పుడు నేనేం చెయ్యాలి?

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "నాలుగు రోజులు తాగలేదు" అన్నావు. ఓడిపోయిన మ్యాచ్‌లో స్కోరు చెప్పినట్టు చెప్పేసి ముందుకెళ్ళిపోయావు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో పెద్ద కబురు అదే.

సిగరెట్ మానేసినవాళ్ళకి ఒంట్లో బాధ బాగా ముదిరేది రెండో రోజు, మూడో రోజు. తలనొప్పి, చిరాకు, రాత్రి నిద్ర పట్టకపోవడం, పుస్తకం తెరిస్తే ఒక్క లైనూ బుర్రకెక్కకపోవడం, ఊరికూరికే ఆకలి. ఆ తర్వాత మెల్లగా దిగుతూ వస్తుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. అంటే మీవాడు అన్నిటికన్నా నిటారుగా ఉన్న మెట్లు ఎక్కేశాకే జారాడు. రోజుకి ఏడు తాగేవాడు నాలుగు రోజులు ఒక్కటీ తాగలేదంటే సుమారు ఇరవై ఎనిమిది సార్లు వద్దనుకున్నాడు. ఇరవై తొమ్మిదో సారి లొంగిపోయాడు. నువ్వు చూసింది ఆ ఒక్కసారినే.

ఎక్కడ జారాడో కూడా చూడు. ఇంట్లో కాదు, క్లాసులో కాదు. సాయంత్రం, బస్టాండు, బడ్డీకొట్టు, చేతిలో టీ గ్లాసు కూడా ఉండే ఉంటుంది, పక్కన ఆ ఇద్దరు. ఆ వేళకి రోజూ ఉండే మనుషులు, రోజూ ఉండే చోటు. ఆ టైముకి నువ్వెక్కడున్నావు? తప్పు పట్టడానికి అడగడం లేదు. ప్యాకెట్ నీ బ్యాగులో భద్రంగా ఉంది, వాడు మాత్రం నువ్వు లేకుండా బస్టాండులో ఉన్నాడు. నాలుగు రోజులూ నువ్వు కాపలా కాసింది ప్యాకెట్‌కి. అది అక్కడ లూజుగా ఎన్నైనా దొరుకుతుంది.

ముందు ఆ ఒట్టు సంగతి తేల్చు. ప్రేమతోనే వేయించుకున్నావు, నాకు తెలుసు. కానీ అమ్మ మీద ఒట్టు వేసినవాడు ఒక్క దమ్ము లాగాడంటే వాడి లెక్కలో అది ఉత్త సిగరెట్ కాదు, అమ్మకి కీడు తలపెట్టినట్టు. అంత పెద్ద తప్పుని ఎవడైనా ఒప్పుకుంటాడా? దాచుకుంటాడు. దాచుకోవాల్సింది ఎవరి దగ్గర? నీ దగ్గర. సాయం చెయ్యమని నోరు తెరిచి అడిగినవాడు నిన్ను చూసి కొట్టు వెనక్కి పోవాల్సి వచ్చింది. రేపు కలిసినప్పుడు మొదటి మాటే ఇది అను: "ఒట్టు తీసి గట్టు మీద పెట్టెయ్‌రా. వేయించుకోవడం నాదే తప్పు." వాడి మొహంలో బిగువు ఎలా సడలుతుందో నువ్వే చూస్తావు. అందరి ముందూ తిట్టినందుకు సారీ చెప్పడం కూడా మర్చిపోకు. పదిహేడేళ్ళవాడికి ఫ్రెండ్స్ ముందు పోయిన పరువు సిగరెట్ కన్నా ఎక్కువ కాలుతుంది.

అన్నట్టు, మాట్లాడుకుందాం రమ్మని వాణ్ణి టీకొట్టుకి మాత్రం పిలవకు. టీ గ్లాసు చేతికొచ్చిందంటే రెండో చెయ్యి దేనికోసం వెతుక్కుంటుందో తాగేవాళ్ళనెవరినైనా అడుగు, చెబుతారు. గోలీసోడా తాగండి. లేదంటే గ్రౌండులో కూర్చోండి.

"నేనెప్పుడూ ముట్టలేదు, నాకెలా అర్థమవుతుంది" అన్నావు. దానికి నా సంగతి ఒకటి చెబుతాను. డిగ్రీలో నేను హాస్టల్లో ఉండేవాణ్ణి. సిగరెట్ అప్పటికే రెండేళ్ళ అలవాటు. నా రూమ్మేటు జన్మలో ముట్టనివాడు. మానేద్దామనుకుంటున్నానని ఒకరోజు వాడితో అన్నాను. వాడు ఒక్క ముక్క ఉపదేశం చెప్పలేదు. రాత్రి మెస్సులో మజ్జిగన్నం తిని చెయ్యి కడుక్కునే వేళ నాకు సిగరెట్ లేకపోతే ప్రాణం నిలిచేది కాదు. ఆ వేళకి సరిగ్గా తువ్వాలు భుజాన వేసుకుని మెస్సు గుమ్మం దగ్గర నిలబడేవాడు. "పద, స్టేషన్ దాకా పోయొద్దాం" అనేవాడు. రైల్వేస్టేషన్ మాకు కిలోమీటరు దూరం. పోయి, ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గర నీళ్ళు తాగి, ప్యాసింజరు బండి వచ్చి వెళ్ళేదాకా బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చేవాళ్ళం. ఆ గంటలో సిగరెట్ మాటే ఎత్తేవాడు కాదు. సినిమాలు, వాళ్ళ ఊరి చెరువు, మా లెక్కల మాస్టారి నడక, ఇవే కబుర్లు. మర్నాడు మళ్ళీ అదే తువ్వాలు, అదే గుమ్మం.

రెండు నెలలు అలా గడిచాయి. అబద్ధం ఎందుకు, పరీక్షల రిజల్ట్స్ వచ్చిన రోజు సంతోషం పట్టలేక మళ్ళీ వెలిగించాను. పూర్తిగా మానేసింది ఇంకో ఏడేళ్ళకి. అప్పటికి ఆ రూమ్మేటు ఎక్కడో ఉద్యోగంలో ఉన్నాడు. కానీ రెండోసారి మానేటప్పుడు, రాత్రి అన్నం తినగానే నా కాళ్ళు వాటంతటవే వీధిలోకి నడిచేవి. వాడు అలవాటు చేసిన నడకే. సిగరెట్ రుచేమిటో వాడికి ఈనాటికీ తెలియదు. నాకు ఏ ఘడియ గడవదో మాత్రం కనిపెట్టాడు. నీకూ అంత తెలిస్తే చాలు.

అందుకని మళ్ళీ మొదలుపెట్టేముందు ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద వాడి ఏడు సిగరెట్లూ రాయండి. ఒక్కోటీ ఎన్ని గంటలకి, ఎక్కడ, పక్కన ఎవరు, దేని తర్వాత. లెక్చర్ దంచకుండా లెక్కల కాగితం రాసినట్టు రాయండి. రాస్తుంటే తెలుస్తుంది, ఏడింటిలో మూడో నాలుగో ఊరికే చేతివాటంగా వెలిగించేవి. వాటిని వదలడం పెద్ద కష్టం కాదు. మిగిలినవే గట్టివి. ముఖ్యంగా పొద్దున మొదటిది చూడు. నిద్ర లేచిన అరగంటలోపే వాడికి సిగరెట్ కావాలంటే అలవాటు బాగా ముదిరిందని అర్థం. అలాంటప్పుడు మీ ఇద్దరి పట్టుదల ఒక్కటే సరిపోకపోవచ్చు, తెలిసినవాళ్ళ సాయం కూడా తీసుకోవాలి. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఆ గట్టి సిగరెట్లలో నువ్వు పక్కన ఉండగలిగేవి ఏవో చూసుకో. అన్నిటికీ నువ్వే అంటే నీ చదువు అటకెక్కుతుంది. కాలేజీ వదిలాక బస్టాండు దగ్గరది నీది. బస్సు ఎక్కేదాకా వాడితో ఉండు. వీలైతే ముందు స్టాపు దాకా నడిచి అక్కడ ఎక్కండి. రాత్రి మేడ మీద తాగేది ఉంటే దానికి ఫోనుంది. రెండు రింగులిచ్చి కట్ చేస్తే "ఇప్పుడు లాగుతోంది" అని అర్థం పెట్టుకోండి. నువ్వు వెంటనే తిరిగి ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడాలి అని కంగారుపడకు. నిన్నటి మ్యాచో, ఫిజిక్స్‌లో రాని లెక్కో, ఏదైనా ఫరవాలేదు. ఎందుకంటే ఆ యావ ఎంత గట్టిగా వచ్చినా ఐదు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు. ఆ కాసేపు దాటితే అదే దిగిపోతుంది. ఈలోపు చేతికీ నోటికీ ఏదో పని ఉండాలి: చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా తాగడం, జేబులో నాలుగు వేరుశనగ గింజలు, సోంపు, ఎండు ఉసిరి ముక్క. చిన్న విషయాల్లా కనిపిస్తాయి. ఐదు నిమిషాలు గడవడానికి చిన్న విషయాలే కావాలి.

"మనసుంటే మానేయొచ్చురా" అనే డైలాగ్ మాత్రం వాడి దగ్గర కొట్టకు. పొగ లోపలికి లాగిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరి అక్కడ హాయిని పుట్టిస్తుంది. రోజుకి ఏడు సిగరెట్లు, ఒక్కోదానికి ఓ పది దమ్ములు అనుకున్నా, రోజుకి డెబ్బై సార్లు మెదడు ఆ పాఠం చదువుతోంది. మీ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది, ఇరవై అయిదేళ్ళు దాటేదాకా. అందుకే ఈ వయసులో నేర్చుకున్నది ఏదైనా గట్టిగా అతుక్కుంటుంది, ఇంగ్లీషైనా ఈతైనా సిగరెట్టైనా. అది మనసు లేక కాదు.

మానేసిన మొదటి వారం వాడు నీమీద అరుస్తాడు. నీ వల్లే ఈ గోల అంతా అన్నట్టు చూస్తాడు. అది నికోటిన్ కోపం, నువ్వు ఒంటికి రాసుకోకు. మొదలుపెట్టే రోజు వాడే ఎంచుకోవాలి, నువ్వు కాదు. ప్రాక్టికల్స్ ముందు వారం వద్దు, మీ ఊరి తిరనాళ్ళ వారం అసలే వద్దు.

జారితే ఏం చెయ్యాలో కూడా ముందే అనుకోండి. "ఎందుకు తాగావ్?" అనే ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబుండదు, తల దించుకోవడం తప్ప. "ఎక్కడ? ఎన్నింటికి? పక్కన ఎవరున్నారు?" అని అడుగు. వీటికి జవాబుంటుంది. ఆ జవాబుని బట్టి కాగితం మీద ఇంకో గీత గీసుకుంటారు, అంతే. ఒక సిగరెట్ తాగినంత మాత్రాన మళ్ళీ ఏడుకి పోవాలని రూలేమీ లేదు. "ఎలాగూ పోయింది కదా" అనుకుని మిగతా ఆరూ తాగేయడమే అసలు ప్రమాదం. చాలామంది గట్టిగా మానేసేలోపు ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించినవాళ్ళే.

ఇక నీ సొంత జాగ్రత్త ఒకటుంది. ఏదో ఒక సాయంత్రం వాడో, ఆ ఇద్దరిలో ఒకడో "ఒక్కటి కంపెనీ ఇవ్వరా, అప్పుడు తెలుస్తుంది మా బాధ" అంటాడు. నువ్వేమో వాడి బాధ అర్థం కావడం లేదని ఇప్పటికే మథనపడుతున్నావు. నాకు భయం అక్కడే. అర్థం చేసుకోవడానికని మొదలుపెట్టినవాళ్ళని నా క్లాసుల్లోనే చూశాను.

ఫ్రెండ్ చెబితే ఫ్రెండ్ వింటాడా అనే అనుమానం నీకు అక్కర్లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 59 స్కూళ్ళలో దీన్ని పరీక్షించి చూశారు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు 10 వేల మందికి పైగా. సగం స్కూళ్ళలో పిల్లలకి కాగితాలిచ్చి, మీ క్లాసుల్లో మీరు గౌరవించేదెవరిని, ఆటల్లో ముందుండేదెవరు, ఎవరిలా ఉండాలనుకుంటారు అని అడిగారు. టీచర్లు మెచ్చినవాళ్ళని కాకుండా పిల్లలు పేర్లు రాసినవాళ్ళని తీసుకున్నారు. వాళ్ళకి స్కూలు బయట రెండు రోజులు శిక్షణ ఇచ్చి, పది వారాల పాటు మామూలు కబుర్లలోనే సిగరెట్ మాట తెమ్మన్నారు. బస్సులో, భోజనం దగ్గర, ఆటస్థలంలో. మైకులు లేవు, ఊరేగింపులు లేవు. రెండేళ్ళ తర్వాత చూస్తే ఆ స్కూళ్ళలో పొగతాగే పిల్లలు మిగతా స్కూళ్ళకన్నా తక్కువగా తేలారు. 2008లో లాన్సెట్ వైద్యపత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి.

మన దేశంలోనూ జరిగింది. 2004 నుంచి 2006 దాకా ఢిల్లీ, చెన్నైలలో 32 స్కూళ్ళలో 'మైత్రి' పేరుతో ఒక కార్యక్రమం నడిచింది. సగం స్కూళ్ళలో క్లాసులోని పిల్లలే లీడర్లుగా ఉండి చర్చలు, ఆటలు నడిపించారు. రెండేళ్ళలో ఆ స్కూళ్ళలో పొగాకు వాడకం 17 శాతం తగ్గింది. కార్యక్రమం లేని స్కూళ్ళలో 68 శాతం పెరిగింది. ఈ అంకెలు చదివినప్పుడు ముప్పయ్యేళ్ళ పాటు నేను క్లాసులో ఇచ్చిన లెక్చర్లన్నీ గుర్తొచ్చి కాస్త సిగ్గుపడ్డాను.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, నీకు చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. ఈ రెండూ ముఖ్యంగా పిల్లలు సిగరెట్ జోలికి పోకుండా ఆపడానికి చేసినవి. ఒకసారి పట్టుబడ్డాక బయటికి లాగడం వేరే పని, ఇంకా కష్టమైన పని. టీనేజ్ పిల్లల చేత మాన్పించే పద్ధతుల మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే కాస్తో కూస్తో ఫలితం కనబడింది గ్రూపుగా కూర్చోబెట్టి ఇచ్చే కౌన్సెలింగ్‌లో. మందులకి ఈ వయసులో పనిచేస్తాయనే గట్టి రుజువు దొరకలేదు. దీంట్లో నీకు పనికొచ్చే మాట 'గ్రూపు'. నువ్వు ఒక్కడివే వాడి ఒక్కడి వెంట పడుతున్నావు. ఆ ఇద్దరినీ శత్రువుల లెక్కలో వేశావు. నా మాట విని వాళ్ళని లోపలికి పిలువు. మానమని అడగొద్దు. "మీ ఇద్దరూ మానక్కర్లేదు, వీడికి ఒక నెల పాటు ఆఫర్ చెయ్యకండి, వీడి ముందు వెలిగించకండి" అని అడుగు, చాలు. అంత చిన్న సాయం అడిగితే కాదనేవాడు తక్కువ. అలా ఒప్పుకున్న ఇద్దరిలో ఒకడు పదిరోజులకి "నేనూ ట్రై చేస్తా" అన్నా నేను ఆశ్చర్యపోను.

మరో మాట. తాగే ముగ్గురూ ఎప్పుడూ కలిసే ఉంటారు గనక వాళ్ళకి లోకమంతా తాగుతున్నట్టే ఉంటుంది. 2019లో దేశమంతా స్కూలు పిల్లల మీద చేసిన సర్వేలో 13 నుంచి 15 ఏళ్ళవాళ్ళలో పొగాకు ఏ రూపంలోనైనా వాడుతున్నవాళ్ళు నూటికి ఎనిమిదిన్నర మంది. గుట్కా, ఖైనీ అన్నీ కలిపినా అంతే. మీకన్నా చిన్నవాళ్ళే అనుకో, అయినా మీ క్లాసులో అటెండెన్స్ రిజిస్టర్ తీసి లెక్కపెట్టుకోమను. తాగనివాళ్ళే ఎక్కువ తేలతారు.

వాళ్ళ నాన్నకి చెప్పాలా అన్నావు. ఇప్పుడే వద్దు. కొడతారని నీకే తెలుసు. దెబ్బలు తిన్నవాడు సిగరెట్ మానడు, ఇంటికి లేటుగా వస్తాడు. కానీ పెద్దవాళ్ళెవరికీ తెలియకుండా నువ్వొక్కడివే మోయాలనడం కూడా అన్యాయం. వాడికి మేనమామ ఉన్నాడా? మన ఇళ్ళల్లో తండ్రికి చెప్పలేనిది మేనమామకి చెప్పుకోవచ్చు, ఆయన అక్కకి ఎలా చెప్పాలో అలా చెబుతాడు. లేదా మీ పీడీ సార్. ఎవరనేది వాడే ఎంచుకోవాలి, నువ్వు తోడు వెళ్ళు. అయితే కొన్ని విషయాల్లో వాడు వద్దన్నా ఆగకు. సిగరెట్లో గంజాయి చేరిందని అనుమానం వచ్చినా, దగ్గితే రక్తం పడినా, వాడు చచ్చిపోతానని మాట వరసకి అన్నా, అదే రోజు పెద్దవాళ్ళకి చెప్పు. వాడికి కోపం వస్తే రానీ. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి 14416 అనే టెలీమానస్ నంబరుంది, తెలుగులో మాట్లాడతారు.

డబ్బు సంగతి కూడా నెమ్మదిగా అడుగు. లూజు సిగరెట్ ఒక్కోటి పది రూపాయలే అనుకున్నా రోజుకి ఏడు అంటే నెలకి రెండు వేలు దాటుతుంది. ఇంటర్ కుర్రాడికి అంత ఎక్కడిది? టిఫిన్ మానేసి తాగుతున్నాడా, బాకీలు ఉన్నాయా? బాకీ ఉన్న కొట్టు ముందు నుంచి నడవడం ఎంత ఇబ్బందో ఆలోచించు. మానడానికి అదీ ఒక అడ్డమే.

ఆ కొట్టతనితో నువ్వు గొడవ పెట్టుకోకు. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకి అమ్మకూడదని, కాలేజీకి వంద గజాల లోపు అసలు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. ఆ మాట ప్రిన్సిపాల్‌కి చెప్పించు, మీ లెక్చరర్ చేత. విద్యాసంస్థల్లో టీచర్లనీ, తొమ్మిదో తరగతి, ఆ పైన పిల్లలనీ పొగాకు మానిటర్లుగా పెట్టమని కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మంచిదే. కానీ ఆ పదవి నీకిస్తామంటే వద్దని చెప్పు. చేతిలో రిపోర్టు పుస్తకం ఉన్నవాడికి ఎవడూ రెండు రింగులివ్వడు.

ఇంకో రెండు దారులు కనబడతాయి, రెండూ వద్దు. ఒకటి, సిగరెట్ బదులు జేబులో ఖైనీ పొట్లమో, ఆన్‌లైన్లో తెప్పించిన వేపో. దానిలోనూ నికోటినే. వేప్‌లనీ ఈ-సిగరెట్లనీ 2019లోనే దేశంలో నిషేధించారు. రెండోది, మెడికల్ షాపులో నికోటిన్ చూయింగ్ గమ్ కొనుక్కుని మీకు మీరే వాడేయడం. ఈ వయసులో డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి పోకండి.

"మా ఇంట్లో అన్నం పెట్టేదే పొగాకు" అన్నాడు కదా. ఆ మాటకి నువ్వు నోరు మూసుకున్నావు. నీ స్థానంలో నేనున్నా ఆ క్షణాన అంతే. మీ వైపు టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో ధర పలికిన రోజు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో, పలకని రోజు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? దాన్ని తప్పు పట్టే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. వాడు మానాలంటే వాళ్ళ నాన్న పంట మానక్కర్లేదు. రెండూ వేరు. కల్లు గీసే ఇంట్లో పుట్టినవాళ్ళందరూ తాగుతారా?

పైగా నికోటిన్ సంగతి ఆ ఇంటికి మనకన్నా బాగా తెలుసు. తెల్లవారుజామున మంచుకి తడిసిన పచ్చాకు కోసిన రోజు వాళ్ళమ్మగానీ కూలీలుగానీ తల తిరిగి, వాంతులు చేసుకుని ఉంటారు. అడగమను. ఎండ దెబ్బ అనుకుంటారు, పైత్యం అనుకుంటారు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతే అలాగే అవుతుంది. మేనమామ ద్వారానో మరెలాగో ఒకరోజు వాళ్ళ నాన్నతో మాట్లాడే రోజు వస్తే, క్యాన్సర్ బొమ్మల దగ్గర మొదలుపెట్టొద్దు. "ఆకు కోసిన రోజు ఒంట్లో ఎలా ఉంటుంది నాన్నా?" అని వాడే అడిగితే సరిపోతుంది. ఆయన చెప్పడం మొదలుపెడతాడు.

తెలిసినవాళ్ళ సాయం అన్నాను కదా. పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం 2016లో జాతీయ క్విట్‌లైన్ పెట్టారు. 1800-11-2356. డబ్బులు పడవు. బెంగళూరు నిమ్‌హాన్స్ ఆసుపత్రిలోని కేంద్రం తెలుగు వాళ్ళతో తెలుగులోనే మాట్లాడుతుంది. ఎన్ని తాగుతున్నావు, ఎప్పుడెప్పుడు అని అడుగుతారు, మీరు రాసుకున్న కాగితం అప్పుడు చేతిలో ఉంటే మంచిది. మానే తేదీ అడుగుతారు, ఆ తర్వాత వాళ్ళే తిరిగి ఫోన్ చేసి ఎలా ఉందని కనుక్కుంటారు. మొదటిసారి ఫోన్ చెయ్యడానికి వాడు జంకుతాడు. స్పీకర్ పెట్టి పక్కన కూర్చో.

ఆ నంబరు ఎక్కడైనా రాసుకున్నావా? అక్కర్లేదులే. సిగరెట్ ప్యాకెట్ మీద బొమ్మ కిందే అచ్చు వేసి ఉంటుంది. లూజుగా కొనేవాళ్ళ కంట అది పడనే పడదు, ప్యాకెట్ కొన్నా మీ ముగ్గురు హీరోలూ చూసి ఉండరు. నీ బ్యాగులో ప్యాకెట్ ఉంది కదా, తీసి చూడు. చూశాక దాన్ని నీళ్ళలో ముంచి చెత్తబుట్టలో వెయ్యి. పొడిగా పారేస్తే ఎవడో ఏరుకుంటాడు. ఈ పని రేపు కాదు, ఇవాళే చెయ్యి. ఎప్పుడూ సిగరెట్ ముట్టనివాడి బ్యాగులో మీ అమ్మకి ఆ ప్యాకెట్ దొరికిందంటే, నువ్వు చెప్పేదేదీ ఆవిడ నమ్మదు.